దృశ్యచిత్రములలో వెలుతురు



ఐరోపా, అమెరికా చిత్రకారులు వ్రాసిన ప్రకృతి చిత్రములను చూచునపుడు చెట్టుకంటెను, ఏటికంటెను ముందుగా మనస్సునకు తగులునది వానిపై పడిన వెలుతురు. శాంతమును, దిగులును, భయమును పుట్టించునది అదియే. ఆ వెలుతురు ఎట్లు పుట్టినదో, తెలుగునాటికి ఎట్లు వచ్చినదో, మా నకిరేకల్లు వంటి మెట్టసీమ వారికి దానితో నేమి పనియో ఈ ప్రసంగమున విన్నవించెదను.

1600 ప్రాంతమున లొరేన్ సీమలో పుట్టి రోమునగరమున స్థిరపడిన క్లాడ్ అను చిత్రకారుడు సూర్యబింబమునే చిత్రములో నిలిపి, రేవులమీదను మైదానములమీదను బంగారు కాంతిని పఱచెను. ఆ కాంతి ఇంగ్లండు ధనికులకు ఎంత ప్రీతిపాత్రమైనదనగా, 18వ శతాబ్దమున విహారయాత్రికులు నల్లని కుంభాకారపు చిన్న అద్దమును వెంట తీసికొనిపోయి, కొండకు వీపు త్రిప్పి నిలుచుండి, అద్దములోని ప్రతిబింబమునే చూచి ఆనందించెడివారు. అందులో ఏ సీమయైనను క్లాడు చిత్రమువలె మెత్తగా కానవచ్చును. దానికి క్లాడు అద్దమనియే పేరు. తన దేశమును తాను చూచుటకు పరుని కన్ను అరువు తెచ్చుకొనుట యన్న నిదియే.

ఈ యరువును తీర్చినవాడు కాన్‌స్టేబుల్. ఆయన మరయంత్రపు యజమాని కుమారుడు. తాను పుట్టిన స్టౌర్ నదీతీరమునే జీవితమంతయు చిత్రించెను. 1821, 1822 సంవత్సరములలో లండను చేరువనున్న హాంప్‌స్టెడ్ మిట్టపై ఆకాశమును మాత్రమే అనేక పర్యాయములు వ్రాసి, పెక్కింటి వెనుక తేదిని, వేళను, గాలి తీరును గుర్తుపెట్టెను. 1821లో ఆయన వ్రాసిన గడ్డిబండి చిత్రమునకు 1824లో పారిసు ప్రదర్శనమున బంగారు పతకము లభించెను. ఆయన సమకాలికుడు టర్నరు 1844లో వానలో వంతెనపై పరుగిడు రైలుబండిని వ్రాసి, ఆవిరి, వాన, కాంతి ఒకటిగా కలిసిన దృశ్యమును చూపెను. ఫ్రెంచివాడగు మోనే 1890, 1891లలో గడ్డివాములనే మార్చి మార్చి వేర్వేఱు వేళలలో చిత్రించెను. వామి మారలేదు, వేళ మారినది, వేళతో భావము మారినది.

అమెరికాలో థామస్ కోల్ మొదలు హడ్సన్ నదీ ప్రాంతపు చిత్రకారులు మనుష్యుడు తాకని అడవులను వ్రాసిరి. కోల్ శిష్యుడు ఫ్రెడరిక్ చర్చి 1860లో నిర్జనారణ్యముపై సంజను రక్తవర్ణమున వ్రాసెను. మఱుసటి యేటనే ఆ దేశమున అంతర్యుద్ధము ఆరంభమగుటచే, ఆ సంజలో రాబోవు విపత్తును చూచినవారును కలరు.

ఈ భావములకు మూలము కొంత ఖగోళమున నున్నది. లండనులో నడి చలికాలపు మధ్యాహ్నమున సూర్యుడు దిగంతమునుండి సుమారు 15 అంశలకు మించి పైకెక్కడు. నీడలు రోజంతయు పొడవుగా నుండును. వేసవిలో సంజ గంటలకొలది నిలుచును. మా నకిరేకల్లు 17వ అక్షాంశమున నున్నది. మే తొలిపక్షమునను, ఆగస్టు తొలివారమునను సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిలుచున్నవాని నీడ కాలిక్రిందికి చేరును. సంజ త్వరగా జాఱిపోవును. ఆ చిత్రకారులు తమ ఆకాశమునకు నిజాయితీగా నడచుకొనిరి. మనము నేర్వవలసినది ఆ నిజాయితీయే గాని ఆ రంగు గాదు.

మన పూర్వపు చిత్రకళలో వెలుతురు ఒక దిక్కునుండి రాదు. చేర్యాల నకాషీ పటములలో ఎఱ్ఱని నేలమీద ప్రతిమూర్తియు తన కాంతితో తానే వెలుగును, నీడ లేదు. కథ చెప్పుటకు అది చాలును. వేళను చూపు దృశ్యచిత్రము మనకు గోదావరి గట్టున పరిచయమైనది. రాజమహేంద్రవరపు ఆర్ట్సు కాలేజీకి ప్రిన్సిపాలుగా నుండిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా నీటిరంగుల చిత్రకారుడు. ఆయన దామెర్ల రామారావులోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. 1897లో జన్మించిన రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణ పొంది, 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి, 28 ఏండ్లు నిండక మునుపే 1925లో మశూచికముచే మరణించెను. పద్ధతిని పరదేశీయులనుండి నేర్చియు ఆయన గోదావరిని గోదావరిగానే చూచెను. రాజమహేంద్రవరమునందు ఆయన పేర నున్న చిత్రశాలలో నేడును ఆ చిత్రములను చూడవచ్చును.

మా మెట్టసీమకు అట్టి భాగ్యము అంతగా కలుగలేదు. మా బడులలో పిల్లలను ప్రకృతి దృశ్యమును వ్రాయుమన్నచో, రెండు కోసుకొండలు, వాని నడుమ సూర్యుడు, క్రింద ఏఱు, ప్రక్కన గుడిసె వ్రాయుదురు. నేను చూచిన కాగితములలో నూటికి తొంబది ఇట్టివే. కిటికీలోనుండి చూచినచో కోసుకొండ యెక్కడను లేదు. ఉన్నవి ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్రని రాతిగుండ్లు, ఎఱ్ఱ చెలకలు, తాటిచెట్లు, బత్తాయి తోటలు. రోహిణి కార్తె మధ్యాహ్నమున ఆ గుండ్లు రంగు పోయి తెల్లబడును. దూరపు తాళ్లు వడగాలిలో నీటిలోవలె కదలును. ప్రొద్దు వాలిన వెంటనే ఆ రాతికే గులాబివన్నె వచ్చి, పది నిమిషములలో బూడిదరంగగును. తొలకరి చినుకుకు చెలక ఎఱుపు ముదురును. సూర్యాపేట త్రోవలో మూసీ ఇసుకపై శీతకాలపు ఉదయకాంతి వేఱు. వీనిని వ్రాసినవారు ఎందరు? తన ఊరి వెలుతురును ఎఱుగని బిడ్డ తన ఊరు చూడదగినది కాదని తలంచును. అందమన్నది క్యాలెండరు బొమ్మలోని మంచుకొండకే చెందునని నమ్మును. నల్ల అద్దము చేత లేకున్నను, వాడును కొండకు వీపు త్రిప్పి నిలిచినవాడే.

కావున ఉపాధ్యాయులకు నా మనవి యొకటి. ఒక గుట్టను ఎన్నుకొని, ఉదయమొకసారి, మిట్టమధ్యాహ్నమొకసారి, సంజవేళ నొకసారి పిల్లలచే వ్రాయింపుడు. కాగితపు వెనుక తేదియు, వేళయు, గాలి వీచిన దిక్కును గుర్తుపెట్టింపుడు. చేయి తిరుగకపోయినను వెఱపు లేదు. మూడు కాగితములను ప్రక్కప్రక్కన నుంచినపుడు ఆ గుట్ట ఒక్కటి గాదని పిల్లలే చెప్పుదురు.