సంత నుంచి సెల్‌ఫోన్ దాకా: మన చేతిపని అమ్ముడైన దారి

ప్రతి ఏటా ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వాయిదాలు ఎంత కట్టాం అని లెక్కలు రాసుకుంటున్నాం. ఈసారి లెక్కల పక్కన కాస్త చరిత్ర కూడా పెడదామని కార్యవర్గంలో అనుకున్నాం. ఈ ఏడాది ఏ గ్రామ సంఘం మీటింగుకు వెళ్ళినా అక్కచెల్లెళ్ళు అడిగిన మాట ఒక్కటే: "మేము కూడా ఫోన్‌లో అమ్ముకోవచ్చా?" తప్పకుండా అమ్ముకోవచ్చు. అయితే మనకంటే ముందు ఆ దారిన నడిచినవాళ్ళు ఏం సాధించారో, ఎక్కడ దెబ్బ తిన్నారో తెలుసుకుని దిగితే మంచిది.

ఇంట్లో చేసిన వస్తువును బజారుకు పంపడం మనతో మొదలు కాలేదు. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడ మీద అప్పడాలు ఒత్తారు. అదే లిజ్జత్ పాపడ్. అక్కడ పని చేసే ప్రతి మహిళా సభ్యురాలే, లాభంలో అందరికీ వాటా ఉంటుంది. అప్పడాలు ఒత్తడం వాళ్ళకే కాదు, మనందరికీ వచ్చు. వాళ్ళు చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆ అప్పడం మీద పేరును ఎవరి చేతికీ ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకున్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

మన దగ్గర డ్వాక్రా పథకం 1982లో వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి మహిళలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. సారా కొట్టుకు పోయే డబ్బు పొదుపు డబ్బాలోకి వచ్చిందని పెద్ద సభ్యులు ఇప్పటికీ చెప్తారు. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని ప్రయోగంగా మొదలుపెట్టింది. 2000లో వెలుగు వచ్చింది. గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్లు ఏర్పడ్డాయి.

అప్పు పుట్టింది గానీ అమ్మకం పుట్టలేదు. పచ్చళ్ళు, అప్పడాలు, కారప్పొడులు, అగరబత్తీలు, కలంకారీ సంచులు అన్నీ చేశాం. డ్వాక్రా బజార్లో, సరస్ మేళాలో నాలుగు రోజులు బాగానే అమ్మాం. మేళా అయిపోగానే మిగిలిన సరుకు మూట కట్టుకుని బస్సెక్కి ఇంటికొచ్చాం. కొన్న ఆమెకు మళ్ళీ కావాలంటే మనల్ని ఎక్కడ వెతుక్కుంటుంది? ఆ రోజుల్లో మన అసలు కష్టం అదే.

అప్పటికే అమెరికాలో కంప్యూటర్ మీద సంత నడుస్తోంది. 1995లో ఈబే మొదలైంది. ఇంట్లో పాత వస్తువు ఉన్న మామూలు మనిషి కూడా దూర దేశంలో ఉన్నవాళ్ళకు అమ్ముకునే వీలు దొరికింది. 2005లో చేతిపని వస్తువుల కోసమే ఎట్సీ వచ్చింది. అదే ఏడాది యూట్యూబ్ పుట్టింది. కానీ వాటికి కంప్యూటర్ కావాలి, ఇంగ్లీషు రావాలి, డబ్బు పుచ్చుకోవడానికి కార్డుల ఏర్పాటు కావాలి. మన ఊళ్ళకు ఆ మూడూ అందలేదు.

2016లో ఆ అడ్డు చాలా వరకు తొలిగింది. ఆ ఏడాది యూపీఐ వచ్చింది. సెప్టెంబర్‌లో జియో రావడంతో ఇంటర్నెట్ ధర ఒక్కసారిగా పడిపోయింది. మాట్లాడితే వినే ఫోను, తెలుగులో వీడియో, స్కాన్ చేస్తే ఖాతాలో పడే డబ్బు. చదువు తక్కువైనా పని నడిచే రోజు వచ్చింది.

ఆ మార్పు ఎలా ఉంటుందో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి చూపించింది. ఆ ఊరి యువకులు 2012లో మై విలేజ్ షో అనే ఛానల్ పెట్టారు. తర్వాత అందులోకి గంగవ్వ వచ్చింది. వ్యవసాయ కూలీ పని చేసుకున్న మనిషి. కొత్తగా ఏ వస్తువూ తయారు చేయలేదు. తన యాస, తన చతురు, ఊళ్ళో మాట్లాడుకునే తీరునే జనం ముందు పెట్టింది. 2020లో బిగ్ బాస్ దాకా వెళ్ళింది. మన ఆంధ్ర నుంచి మస్తానమ్మ నూరేళ్ళు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వండి, 2018లో కన్నుమూసే నాటికి లక్షల మందికి బామ్మ అయింది. పుచ్చకాయలో కోడికూర వండటం ఎవరికి తోస్తుంది చెప్పండి!

అయితే ఈ ఇద్దరి వెనుకా కెమెరా పట్టిన పిల్లలున్నారు. వీడియోకు డబ్బు ప్రకటనల నుంచి వస్తుంది. 2018లో వచ్చిన నియమం ప్రకారం ప్రకటనల్లో వాటా రావాలంటే 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాల్సి వచ్చింది. వచ్చిన డబ్బు ఛానల్‌కు జత చేసిన ఖాతాలోనే పడుతుంది, వంట చేసిందెవరని అడగదు. ఇంట్లో మంచి మనసుంటే ఇబ్బంది లేదు. కానీ సంఘం పెట్టుకున్నదే మంచి మనసు మీద మాత్రమే ఆధారపడకుండా, పుస్తకంలో రాసుకుని నడవడానికి కదా!

రెండో పాఠం 2020 జూన్ 29న వచ్చింది. ఆ రోజు కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. పల్లెల్లో ఎంతోమంది పాటలతో, ఆటలతో కూడగట్టుకున్న జనం ఒక్క రాత్రిలో చెదిరిపోయారు. నిషేధం సరైనదా కాదా అన్నది ఇక్కడ మన చర్చ కాదు. పరాయి స్థలంలో వేసిన పందిరి ఎప్పుడైనా తీసేయాల్సి రావచ్చు, అంతే.

మూడో పాఠం గోదావరి ఒడ్డున ఆత్రేయపురంలో ఉంది. బోర్లించిన కుండ కింద మంట. బియ్యప్పిండి జారులో పలచటి గుడ్డ ముంచి కుండ మీద లాగితే క్షణంలో రేకు వస్తుంది. దానికి నెయ్యి రాసి, పంచదారో బెల్లం పొడో చల్లి చుడితే పూతరేకు. ఆ సెగ ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు ఫోన్ మీద ఆర్డరిస్తే ఎక్కడికైనా పంపే దుకాణాలున్నాయి. ఆ గుర్తింపు ఊరి పేరును నకిలీల నుంచి కాపాడుతుంది. కానీ రేకు తీసే చెయ్యి, పేరు మీద అమ్మే చెయ్యి వేరైతే పెరిగిన ధర ఎవరికి చేరుతుంది? ఇది ప్రతి సంఘం వేసుకోవలసిన ప్రశ్న.

మన అనుభవం కూడా దాచుకోకుండా చెప్పుకుందాం. మన సమాఖ్యలోని ఒక సంఘం రెండేళ్ళ కిందట వాట్సాప్‌లో ఆవకాయ అమ్మకం మొదలుపెట్టింది. రుచి బాగుంది, ఆర్డర్లు వచ్చాయి. వాళ్ళు పుస్తకంలో రాసుకున్న లెక్క చూస్తే కిలోకు సరుకులు 260, సీసా, ప్యాకింగ్ 40, పార్శిలు 80, మొత్తం 380 రూపాయలు. అమ్మింది 400కి. ఇద్దరి కూలికి మిగిలింది 20 రూపాయలు! దారిలో రెండు సీసాలు పగిలితే ఆ 20 కూడా లేదు. అంతలో, ఆర్డర్లు తీసుకునే ఫోను ఒక సభ్యురాలి కొడుకుది, అతను ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. కొన్నవాళ్ళ నంబర్లన్నీ ఆ ఫోనుతోనే పోయాయి. తప్పు ఆ అబ్బాయిది కాదు, మనం రాసి పెట్టుకోలేదు. ఇప్పుడు వాళ్ళు సంఘం పేరున సిమ్ తీసుకున్నారు, కూలి కలిపి ధర వేశారు. ఆర్డర్లు తగ్గాయి గానీ ఈ ఏడాది నష్టం లేదు.

నిబంధనలు కూడా తెలుసుకోవాలి. తినే వస్తువు ఏది అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు తప్పనిసరి. జీఎస్టీ మొదలైనప్పుడు ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకు అమ్మాలంటే ఎంత చిన్నవాళ్ళైనా రిజిస్ట్రేషన్ కావలసి వచ్చేది. 2023 అక్టోబర్ 1 నుంచి టర్నోవర్ పరిమితి లోపల ఉండి, సొంత రాష్ట్రంలోనే అమ్మేవాళ్ళకు అది సడలించారు. పాన్ ఇచ్చి నమోదు నంబరు తీసుకుంటే సరిపోతుంది. పక్క రాష్ట్రానికి అమ్మాలంటే లెక్క వేరు, ముందే అడిగి తెలుసుకోండి.

అందుకే వచ్చే మహాసభలో మూడు తీర్మానాలు పెడుతున్నాం. ఫోన్ అమ్మకం మొదలుపెట్టే సంఘం సిమ్, ఖాతా, ఛానల్ సంఘం పేరునే ఉండాలి. కొన్నవారి పేర్లు, నంబర్లు పొదుపు పుస్తకం లాగే ఒక పుస్తకంలో రాయాలి. ధర వేసేటప్పుడు మన కూలిని ముందు రాసి, ఆ తర్వాతే సరుకుల ఖర్చు రాయాలి. పిల్లల సాయం తీసుకోండి, వాళ్ళ దగ్గర నేర్చుకోండి, కానీ తాళం చెవి మన కొంగునే ఉండాలి. ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలతో మొదలుపెట్టి ఇన్నేళ్ళు నిలిచింది ఆ జాగ్రత్తతోనే.

ఈ తీర్మానాల మీద మీ అభిప్రాయాలు గ్రామ సంఘం సమావేశంలో చర్చించి, మినిట్స్ పుస్తకంలో రాసి తీసుకురండి.