పేన్ 'పేను' అయితే: గ్యాలీ ప్రూఫులూ మన పేర్లూ

పోస్టు కొంచెం పొడుగే, ఓపికతో చివరిదాకా చదవండి.

మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ హైవే పోతుంది. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి పోతుంది. ఆదిలాబాద్, నిర్మల్ వైపు నుంచి వచ్చేవాళ్ళకు మొదటిది, ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు నుంచి వచ్చేవాళ్ళకు రెండోది హైదరాబాద్‌కు దారి. ఈ రెండు రోడ్ల మీద వచ్చి, ఇక్కడి హాస్టళ్ళలో, అద్దె గదుల్లో ఉంటూ చదువుకుంటున్న గోండు, పర్ధాన్, లంబాడా విద్యార్థులం కొంతమందిమి కలిసి ఒక చిన్న పుస్తకం రాశాం. మా గూడేల్లో, తండాల్లో పెద్దలు చెప్పిన ఊరి చరిత్రలే అందులో ఉన్నాయి. పోయిన నెల దాని ప్రూఫులు చేతికొచ్చాయి.

'పెర్స పేన్' అని మేం రాసిన చోట 'పెర్స పేను' అని ఉంది. గోండిలో పేన్ అంటే దేవుడు. తెలుగులో పేను అంటే ఏంటో చెప్పక్కర్లేదు. 'పర్ధాన్ పాటలు' అన్నది 'ప్రధాన పాటలు' అయింది. మన గోత్రాలను కలిపే నాలుగు 'సాగా'లు నాలుగు 'సాగు'లయ్యాయి. తండాల అధ్యాయంలో 'గోర్ బోలి' కాస్తా 'గోరు బోలి' అయి కూర్చుంది.

టైపు చేసినాయన ఇదంతా కావాలని చేయలేదు. ఆయన చెయ్యి తనకు తెలిసిన తెలుగు మాట వైపు పోయింది, అంతే. అసలు భయం కూడా అక్కడే ఉంది. అక్షరం విరిగిపోతే ఎవరికైనా కనిపిస్తుంది. కానీ 'ప్రధాన పాటలు' చదివితే ఏ తప్పూ కనిపించదు. తెలుగు బాగా వచ్చిన మనిషి కూడా తల ఊపి ముందుకు పోతాడు. ఆ ఒక్క మాటతో తరతరాలుగా కీక్రి వాయిస్తూ గోండుల వంశ చరిత్రలు పాడుతున్న పర్ధాన్లు పుస్తకంలోంచి మాయమైపోతారు.

ఇంతకీ గ్యాలీ అంటే ఏంటి? సీసపు అక్షరాలతో అచ్చు వేసే రోజుల్లో కంపోజిటర్ ఒక్కో అక్షరం ఏరి వరుస కట్టేవాడు. ఆ వరుసలను ఒక పొడవాటి రేకు పళ్ళెంలోకి చేర్చేవాడు. ఆ పళ్ళెమే గ్యాలీ. దానికి సిరా పూసి, పొడుగు కాగితం మీద ఒక ముద్ర తీసి రచయితకు పంపేవారు. అదే గ్యాలీ ప్రూఫ్. అప్పటికి పేజీలు కట్టరు కాబట్టి ఒక మాట తీసినా, ఒక వాక్యం కలిపినా పెద్ద నష్టం లేదు. పేజీలు కట్టాక వాక్యం కలిపితే వెనకున్న పేజీలన్నీ జరగాలి. అచ్చయ్యాక ఇక తప్పొప్పుల పట్టికే దిక్కు.

ఇప్పుడు రేకు పళ్ళెం లేదు, పీడీఎఫ్ వస్తుంది. కష్టం మాత్రం అట్లాగే ఉంది. మనం ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేస్తాం. డీటీపీ షాపులో దాన్ని అను ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో ఒత్తులు చెదురుతాయి, పొల్లు ఊడిపోతుంది. మన భాషల్లో మాట చివర పొల్లు ఎక్కువ. పేన్, గోర్, పర్ధాన్ అన్నీ అట్లాంటివే. పొల్లు పోతే మాటే పోతుంది.

ఈ పని ఎంత బరువో తెలియాలంటే గిడుగు రామమూర్తి గారిని గుర్తు చేసుకోవాలి. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర మాట్లాడే మనిషిని ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆయన సవర భాషా మాన్యువల్ 1931లో, ఇంగ్లీషు-సవర నిఘంటువు 1933లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. 1863లో పుట్టిన మనిషి, చివరి పుస్తకం నాటికి 75 ఏళ్ళు. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుతో చుట్టరికం లేదు. ఆ మాన్యువల్ పేరులోనే 'సవర' అన్న మాటలో దీర్ఘం చూపే రెండేసి చుక్కలుంటాయి. ఆ చుక్కలు రాలిపోతే పలకడం మారిపోతుంది. అట్లాంటి పుస్తకం ప్రూఫు చూడాలంటే ఇంగ్లీషో తెలుగో వస్తే చాలదు, సవర చెవి కావాలి.

మన వైపు చూద్దాం. హైమండార్ఫ్ రాసిన 'ది చెంచూస్' 1943లో, 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' 1945లో, 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో లండన్‌లో వెలువడ్డాయి. మార్లవాయిలో మన మధ్యనే ఉండి రాసిన మనిషి, ఆయన మేలు మనం మరిచిపోం. కానీ ఒక ప్రశ్న అడుక్కోవాలి. ఇంగ్లీషులో ఉన్న ఆ పేజీలను అచ్చుకు ముందు చదివి "ఇది మా గోత్రం పేరు కాదు" అని చెప్పగలిగినవాళ్ళు ఆ రోజుల్లో మార్లవాయిలో ఎంతమంది? పుస్తకం మన గురించే, ప్రూఫు మన చేతికి వచ్చే దారి మాత్రం లేదు.

జోడేఘాట్ వీరుడి పేరే చూడండి. కుమ్రం, కుమురం, కొమురం, కొమరం అని ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరు. గోండు కుటుంబాలు ఇంటిపేరును కుమ్రం అని రాసుకుంటాయి. ఆయన అమరుడైన రోజును కొన్ని పుస్తకాలు 1940 సెప్టెంబర్ 1 అంటే, కొన్ని అక్టోబర్ అంటాయి. జనం మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమికే జోడేఘాట్‌లో కలుస్తారు. అచ్చులో ఒకసారి పడ్డది పాఠ్యపుస్తకంలోకి, అక్కడి నుంచి బోర్డుల మీదికి పోతుంది. భూక్య, భూక్యా, బానోత్, బాణోతు అని సర్టిఫికెట్లలో తేడాలొచ్చి ఆఫీసుల చుట్టూ తిరిగిన తమ్ముళ్ళను అడిగితే అక్షరం విలువ చెబుతారు.

గుంజాల సంగతి ఇంకా గట్టి పాఠం. ఆ ఊళ్ళో గోండి లిపిలో రాతప్రతులు బయటపడ్డప్పుడు వాటిని చదవగలిగింది కొద్దిమంది పెద్దలే. ఆ పెద్దలు కూర్చుని అక్షరం అక్షరం చెప్పబట్టే గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అక్కడ పండితుడి డిగ్రీ కంటే ముసలాయన కన్ను ముందు నిలిచింది.

అందుకే మేం ప్రూఫు చూసే పద్ధతి మార్చుకున్నాం. పాత అచ్చాఫీసుల్లో ఒకరు రాతప్రతి గట్టిగా చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూసేవారు. మేమూ అట్లనే ఇద్దరిద్దరం కూర్చున్నాం. మనుషుల పేర్లు, గోత్రాలు, దేవుళ్ళు, వాగులు, గుట్టలు అన్నీ వేరే కాగితం మీద రాసి ఒక్కొక్కటే టిక్కు పెట్టాం. గోండి మాటలున్న పేజీలను లంబాడా మిత్రులకు వదలలేదు, గోర్ బోలి పేజీలను మేం ముట్టుకోలేదు. చివరకు ఊరికి ఫోన్ చేసి, ఆ చరిత్ర చెప్పిన పెద్దలకే చదివి వినిపించాం. ఒక తాత మధ్యలో ఆపి, "ఆ వాగు దాటింది మా నాయన కాదు, మా తాత" అన్నాడు. ఏ స్పెల్ చెక్కూ పట్టలేని తప్పు అది. ఒక తరమే తారుమారయ్యేది.

ఈ పనికి మాకు పద్దెనిమిది రోజులు పట్టింది. ఆవిష్కరణ తేదీ వెనక్కి పోయింది, కొందరు విసుక్కున్నారు కూడా. పోనీయండి. తేదీ మళ్ళీ పెట్టుకోవచ్చు.

మీలో ఎవరైనా సావనీర్ వేస్తున్నా, ఊరి చరిత్ర రాస్తున్నా, మన గురించి ఎవరో రాసిన పుస్తకానికి సాయం చేస్తున్నా ఒక్క మాట అడగండి: "అచ్చుకు పోయే ముందు ప్రూఫు మాకు చూపిస్తారా?" ఫోటో కోసం ముందు వరుసలో నిలబడటం కంటే అది పెద్ద హక్కు. చూపిస్తామంటే మొహమాటపడకుండా ఎర్ర పెన్ను తీసుకోండి. ఊరికి ఫోన్ కలపండి.