ధాత కరువు నుండి చిత్రావతి వరద దాకా



మన సీమకు ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఎప్పుడు పడుతుందన్నదే తగువు. ఎండలు ఎర్రనేలను పెనంలా కాల్చి పోతాయి, తరువాత మబ్బు కోసం ఎదురుచూపులు.

1876లో, ధాత సంవత్సరాన, రెండు ఋతుపవనాలూ తప్పాయి. అప్పుడు మనది బళ్ళారి జిల్లా. 1877 మొదట్లో దొరతనంవారు కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నారు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఎండలో రాళ్ళు కొట్టేవాడికి అదేం సరిపోతుందండీ!

ఇక 2021 నవంబరు. అదే సీమలో చిత్రావతి పొంగితే, వెల్దుర్తి వద్ద చిక్కుకున్న 10 మందిని హెలికాప్టరుతో తీయవలసివచ్చింది. అలాంటి వానకు వామిలోని వేరుశనగ బూజు పడుతుంది, పీకనిది నేలలోనే మొలకెత్తుతుంది. మన గుత్తిరకాల గింజ చాలావరకు నిద్రపోదు మరి.

వెనుకటి పెద్దలు కొర్ర, జొన్న, కంది, అలసంద కలిపి చల్లేవారు. డిప్లొమా చదివి వచ్చిన కొత్తలో నాకది చాదస్తమనిపించింది. వేరుశనగ మానమనను, డబ్బు పంట. కాని 7 సాళ్ళకొక కంది సాలు వేయండి. బెట్టకు కాయలు తాలైనా, లోతువేరు కంది కార్తీకవాన అందుకుంటుంది.