వర్షంలో అందుకున్న కప్పు

మన సంఘ సభ్యుల్లో గోల్ఫ్ కర్ర చేత పట్టినవారు ఒకరిద్దరు ఉంటే ఉండవచ్చు. పెన్షను మీద బతికేవాళ్ల ఆట మాత్రం కాదది. అందుచేత ఈ ప్రత్యేక సంచికలో గోల్ఫ్ ఆటగాడి గోల ఏమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. కాస్త ఓపిక పట్టి చదవవలసిందిగా మనవి. నేను చెప్పబోయేది దొరల గోల్ఫ్ సంచీలు మోసిన ఒక కుర్రవాడి సంగతి. ఆ పని చేసేవాణ్ణి క్యాడీ అంటారు. ఇంకో కారణం కూడా ఉంది. పర్మిట్లు, ప్రకటనలు, పాస్‌పోర్టులు, "అనుమతించడమైనది", "నిరాకరించడమైనది" – ఇలాంటి కాగితాలతోనే అతని బతుకు పైకి లేచింది, వాటితోనే కింద పడింది. ఆ భాష మనకు కొట్టినపిండి కదా.

అతని పేరు సెవ్‌సంకర్ సెవ్‌గోలం. అందరూ పిలిచే పేరు పాప్వా. ఊరు దక్షిణాఫ్రికాలోని డర్బన్.

భారతీయులు అంత దూరం ఎలా చేరారో రెండు ముక్కల్లో చెబుతాను. 1860లో మద్రాసు రేవులో బయలుదేరిన "ట్రూరో" అనే ఓడ నవంబరు 16న డర్బన్‌కు చేరింది. అందులో వచ్చినవారు 342 మంది. నేటాల్ చెరకు తోటల్లో ఐదేళ్ల ఒప్పందం మీద పనిచేయడానికి వచ్చిన కూలీలు వాళ్లు. 1911 దాకా అలా వెళ్లినవారు లక్షా యాభై రెండు వేల పైచిలుకు. మద్రాసు రేవు మీదుగా పోయినవారిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ చాలామంది ఉన్నారు. అక్కడి కాగితాల్లో నాయుడు కాస్తా "నైడూ" అయి కూర్చున్నాడు. వాళ్ల పిల్లలు తెలుగు మరచిపోకూడదని 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. కలకత్తా రేవు నుంచి వెళ్లినవారు ఉత్తరాది వాళ్లు. మన పాప్వా, పేరును బట్టి చూస్తే, ఆ కోవకు చెందినవాడు. శివశంకర్ అన్న చక్కని పేరు ఏ గుమాస్తా చేతిలో పడి సెవ్‌సంకర్ అయిందో ఊహించుకోవడం మనకు కష్టం కాదు.

1920ల చివర్లో డర్బన్ శివార్లలో ఉమ్‌గెని నది ఒడ్డున ఒక రేకుల ఇంట్లో పుట్టాడు పాప్వా. చదువు అబ్బలేదు. చదవడం, రాయడం రావు. దగ్గరలోనే బీచ్‌వుడ్ అని తెల్లవారి గోల్ఫ్ క్లబ్బు ఉండేది. చిన్నతనంలోనే అక్కడ క్యాడీ పనికి కుదిరాడు. చెట్టు కొమ్మ చెక్కి కర్ర చేసుకుని దానితోనే బంతి కొట్టడం సాధన చేశాడని చెబుతారు.

అతని పట్టు గురించి చెప్పకపోతే కథ సగమే. కుడిచేతి వాటం క్రికెట్ ఆటగాడు బ్యాట్ పట్టుకున్నప్పుడు చూడండి, ఎడమ చెయ్యి పైన ఉంటుంది, కుడి చెయ్యి కింద. గోల్ఫ్ కర్రకూ అదే పద్ధతి. పాప్వా పట్టు దానికి సరిగ్గా తలకిందులు. కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి కింద. ఏ శిక్షకుడి దగ్గరకు వెళ్లినా మొదటి రోజే మాన్పించి ఉండేవాడు. నేర్పేవాడే లేడు గనుక అది అలాగే నిలిచిపోయింది. చూసినవాళ్లు నవ్వారు, బంతి మాత్రం వెళ్లవలసిన చోటికే వెళ్లింది. ఆ పట్టుకు తరువాతి కాలంలో అతని పేరే పెట్టారు.

తెలియనివారి కోసం ఒక మాట. గోల్ఫ్‌లో 18 గుంతలుంటాయి. ఎవరు తక్కువ దెబ్బలతో అన్ని గుంతల్లోనూ బంతి వేస్తారో వారిదే గెలుపు. పెద్ద పోటీలలో ఇది నాలుగు రోజులు, అంటే 72 గుంతలు. పరుగులు ఎక్కువ కావాలనుకునే మనవంటి క్రికెట్ జీవులకు ఈ తిరకాసు లెక్క అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.

పాప్వా పనితనాన్ని గమనించినవాడు గ్రాహం వుల్ఫ్ అనే డర్బన్ పారిశ్రామికుడు. మన ఇళ్లల్లో ఆడపిల్లలు ఎరిగిన "ఓలే" ముఖలేపనానికి మూలపురుషుడు ఆయనే. 1959లో వుల్ఫ్ తన చిన్న విమానంలో పాప్వాను ఐరోపాకు తీసుకువెళ్లాడు. అక్కడ డచ్ ఓపెన్‌లో ఆడి, మొదటి ప్రయత్నంలోనే గెలిచాడు మన క్యాడీ. 1960లో మళ్లీ గెలిచాడు. 1964లో మూడోసారి. నడుమ 1963లో బ్రిటిష్ ఓపెన్‌లో పదమూడో స్థానం పంచుకున్నాడు. నీ రంగేమిటి, నీ పర్మిటేది అని హాలెండులో అడిగినవారు లేరు.

స్వదేశంలో అడిగారు. 1950లో అక్కడ గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ జాతివారు ఏ ప్రాంతంలో ఉండాలో ప్రభుత్వం గీత గీసింది. తెల్లవారి ప్రాంతంలోని మైదానంలో ఆడాలంటే పాప్వాకు ప్రత్యేక అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చినా అది గడ్డి వరకే. క్లబ్ హౌస్ గడప తొక్కకూడదు. కారులోనే బట్టలు మార్చుకోవాలి, కారులోనే తినాలి.

1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో నేటాల్ ఓపెన్ జరిగింది. నూరు మందికి పైగా తెల్ల ఆటగాళ్లు, వాళ్ల నడుమ పాప్వా. గెలిచింది పాప్వా. బహుమతి ప్రదానం వేళకు వాన పడుతోంది. తెల్లవారు లోపల, విజేత బయట. తడుస్తూనే కప్పు అందుకున్నాడు. ఆ ఫోటో దేశదేశాల పత్రికల్లో అచ్చయింది. వర్ణవివక్ష మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా అర్థం కానిది ఆ ఒక్క ఫోటోతో అర్థమైనవారు ఎందరో. మరుసటి సంవత్సరం టోక్యో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికాను రానివ్వలేదు. అదంతా ఈ ఫోటో పుణ్యమేనని నేననను. కాని ఆ ఉద్యమానికి అది మంచి ఆయుధమైంది.

1965లో నేటాల్ ఓపెన్ మళ్లీ గెలిచాడు. ఈసారి ఓడించినవారిలో గ్యారీ ప్లేయర్ ఉన్నాడు. ప్లేయర్ సామాన్యుడు కాడు. అదే ఏడు జూన్‌లో అమెరికా ఓపెన్ గెలిచి, నాలుగు ప్రధాన పోటీలూ గెలిచిన మూడో ఆటగాడిగా చరిత్రకెక్కాడు. అంతటివాణ్ణి అతని దేశంలోనే, తిరగేసిన పట్టుతో, అక్షరం రాని క్యాడీ ఓడించాడన్నమాట.

ప్రభుత్వానికి అది మింగుడుపడలేదు. 1965 ఫిబ్రవరిలో ఆర్-26 అనే సంఖ్యతో ఒక ప్రకటన వెలువడింది. గ్రూప్ ఏరియాస్ చట్టంలో ఒక ప్రాంతాన్ని "అనుభవించడం" అనే మాట ఉంది. ఇల్లు కట్టుకుని ఉండడమని మామూలు అర్థం. ఆ అర్థాన్ని సాగదీసి, వినోద స్థలంలో కాసేపు కూర్చున్నా, క్లబ్బులో ఫలహారం చేసినా అనుభవించినట్టే అన్నారు. నేను ముప్పై నాలుగేళ్లు ఫైళ్ల నడుమ గడిపినవాణ్ణి. ఒక్క మాటకు అర్థం మార్చి వేలమంది నోరు ఎలా కట్టేయవచ్చో చూడాలంటే ఇంతకు మించిన నమూనా నా సర్వీసులో తగల్లేదు. దాని వెనక ఎవరో ఒక అధికారి ఎంతో శ్రద్ధగా ముసాయిదా రాసి ఉంటాడు. మరొకరు శుభ్రంగా టైపు చేసి ఉంటారు.

పాప్వాను జైలులో పెట్టలేదు, కొట్టలేదు. ఆ తరువాత దేశంలోని పెద్ద పోటీల్లో ఆడడానికి అనుమతి ఇవ్వలేదు, అంతే. పోనీ విదేశాలకు వెళ్లి ఆడుకుందామంటే పాస్‌పోర్టు వెనక్కి తీసుకున్నారు. ఆటగాడికి చేతినిండా శక్తి ఉండే వయసు అది. పోటీలు లేకపోతే సంపాదన లేదు. సంచీ మోసి పైకి వచ్చినవాడికి దాచుకున్న ఆస్తి ఏముంటుంది? మనకు మొదటి తారీఖున పెన్షను పడుతుంది. ఆలస్యమైతే సంఘం తరఫున వినతిపత్రం ఇస్తాం. అతనికి వినతిపత్రం ఇచ్చుకోవడానికి కూడా కార్యాలయం లేదు.

గ్యారీ ప్లేయర్ సంగతి ఒక మాట చెప్పాలి. 1966లో వెలువడిన తన పుస్తకంలో ఆయన వర్ణవివక్ష విధానాన్ని సమర్థించాడు. 1969లో అమెరికాలోని డేటన్‌లో ఆడుతుండగా నిరసనకారులు ఆయన మీద మంచుముక్కలు విసిరారు. తరువాత మనసు మారింది. 1971లో లీ ఎల్డర్ అనే నల్లజాతి అమెరికన్ ఆటగాణ్ణి తన దేశానికి ఆహ్వానించి కలిసి ఆడాడు. మంచిదే. పాప్వాకు మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు.

1978 జూలైలో గుండెపోటుతో పాప్వా పోయాడు. యాభై ఏళ్లు ఇంకా నిండలేదు. పోయేనాటికి పేదరికమే.

1994లో ఆ పాలన అంతరించింది. తరువాత వచ్చిన ప్రభుత్వం "ఆర్డర్ ఆఫ్ ఇఖమాంగా" అనే జాతీయ పురస్కారాన్ని మరణానంతరం ప్రకటించింది. డర్బన్‌లో రిజర్వాయర్ హిల్స్ దగ్గర, అతను పుట్టిన ఉమ్‌గెని నది ఒడ్డునే ఉన్న పురపాలక సంఘం గోల్ఫ్ మైదానానికి పాప్వా పేరు పెట్టారు.

మన పాస్‌పోర్టుల మీద "దక్షిణాఫ్రికాకు చెల్లదు" అన్న ముద్ర ఎన్ని దశాబ్దాలు ఉండేదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ దేశంతో వ్యాపారం 1946లోనే తెంచుకున్నాం. చివరకు 1992 నవంబరులో భారత క్రికెట్ జట్టు మొదటిసారి అక్కడ టెస్టు మ్యాచ్ ఆడింది. కెప్టెన్ మన హైదరాబాదు అజారుద్దీన్. తొలి టెస్టులోనే ప్రవీణ్ ఆమ్రే శతకం కొట్టాడు. ఆ మ్యాచ్ జరిగిన కింగ్స్‌మీడ్ మైదానం డర్బన్‌లోనే ఉంది. పాప్వా వానలో నిలబడిన కంట్రీ క్లబ్బు అక్కడికి పెద్ద దూరమేమీ కాదు.