988: మూడంకెల నంబరు వెనక ఉన్న కథ, ఇంకా జరగాల్సిన పని

అమెరికాలో అడుగు పెట్టిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు మనకి 911 గురించి చెబుతారు. నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా, గుండె నొప్పి వచ్చినా ఆ నంబరు నొక్కాలని బడికెళ్ళే పిల్లలకి కూడా తెలుసు. 988 సంగతి మాత్రం మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మనసు బాగా కుంగిపోయి ఇక బతకాలని లేదనిపించినప్పుడు, లేదా మనకి తెలిసినవాళ్ళు ఎవరైనా అలాంటి ఆలోచనలో ఉన్నారని అనుమానం వచ్చినప్పుడు, రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయదగిన ఉచిత నంబరు అది.

మా సంఘం సహాయ బృందంలో కొన్నేళ్ళుగా నేను ఫోన్లు తీస్తున్నాను. 988 పేరెత్తగానే అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు ఇంచుమించు ఇవే: "చేస్తే పోలీసులొస్తారా అండీ?", "వీసాకి ఏమైనా ఇబ్బందా?", "అమ్మకి ఇంగ్లీషు రాదు, తెలుగులో మాట్లాడతారా?" ఈ ప్రశ్నలకి సరైన జవాబు చెప్పాలంటే ఆ నంబరు ఏ చట్టాలతో, ఎవరి డబ్బుతో నడుస్తోందో తెలియాలి. అది తెలిస్తే ఎక్కడ బాగుచేయాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ఎలా పుట్టింది?

ఒకప్పుడు ఏ ఊరి హెల్ప్‌లైన్ నంబరు ఆ ఊరిదే. వాటిని ఒక్క తాటి మీదికి తెస్తూ 2005 జనవరి 1న ఫెడరల్ ప్రభుత్వ సాయంతో జాతీయ ఆత్మహత్యల నివారణ లైఫ్‌లైన్ మొదలైంది. నంబరు 1-800-273-8255. నంబరు బాగానే ఉంది గానీ, చేతులు వణుకుతున్న మనిషికి అన్ని అంకెలు గుర్తుంటాయా?

ఈ ఇబ్బంది గుర్తించిన అమెరికా కాంగ్రెస్, మూడంకెల నంబరు సాధ్యమేమో చూడమని 2018లో చట్టం ద్వారా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ని (మనం ఎఫ్.సి.సి. అంటాం) అడిగింది. 2019లో ఆ సంస్థ నిపుణులు 988 అయితే బాగుంటుందన్నారు. 2020 జూలైలో ఎఫ్.సి.సి. టెలిఫోన్ కంపెనీలన్నిటికీ రెండేళ్ళ గడువిచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 17న 988ని ఖాయం చేసే చట్టం మీద సంతకం అయింది. రెండు పార్టీలూ కలిసి చేసిన చట్టం ఇది.

తర్వాత ఒక తమాషా చిక్కు వచ్చింది. ఎనభైకి పైగా ఏరియా కోడ్‌లలో 988తో మొదలయ్యే స్థానిక నంబర్లు అప్పటికే ఉన్నాయి. అక్కడి జనం ఏడంకెలు నొక్కి పక్కింటికి ఫోన్ చేసే అలవాటులో ఉన్నారు. వాళ్ళందరినీ 2021 అక్టోబరు నాటికి పదంకెల డయలింగుకి మార్చాల్సి వచ్చింది. చివరికి 2022 జూలై 16న 988 దేశమంతటా పనిచేయడం మొదలుపెట్టింది. పాత 1-800 నంబరు కూడా ఇంకా పనిచేస్తుంది.

ఫోన్ చేస్తే ఏమవుతుంది?

ముందు రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది. మాజీ సైనికులకి 1, స్పానిష్‌కి 2. ఏమీ నొక్కకపోతే దేశంలో ఉన్న 200కి పైగా క్రైసిస్ సెంటర్లలో దగ్గరలోని దానికి వెళ్తుంది. అక్కడ ఎవరూ తీయలేకపోతే జాతీయ బ్యాకప్ సెంటరు తీస్తుంది. శిక్షణ పొందిన కౌన్సెలర్ మన మాట వింటారు. ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడుగుతారు. ఈ రాత్రి గడవడానికి ఏం చేయాలి, ఎవరిని తోడు పిలవాలి అన్నది మనతో కలిసి ఆలోచిస్తారు. టెక్స్ట్ పంపవచ్చు, వెబ్‌సైటులో చాట్ చేయవచ్చు.

ఇప్పుడు పోలీసుల సంగతి. 911 వంటి అత్యవసర సేవలని పిలవాల్సి వచ్చేది నూటికి రెండు ఫోన్ల కన్నా తక్కువేనని ప్రభుత్వ లెక్క. మిగతావన్నీ మాటలతోనే ముగుస్తాయి. అయితే ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉండి, వేరే దారి లేదనిపిస్తే, మనం ఒప్పుకోకపోయినా వాళ్ళు సహాయం పంపవచ్చు. ఈ మాట దాచకుండా చెప్పడమే మంచిది. ముందే తెలిసినవాళ్ళు తక్కువ భయపడతారు.

మాట్లాడటానికి అసలు పేరు చెప్పనక్కర లేదు. వీసా, ఇన్సూరెన్సు వివరాలు అక్కరలేదు. ఫోన్‌కి పైసా ఖర్చు లేదు. అంబులెన్సు, ఆసుపత్రి దాకా వెళితే మాత్రం ఆ బిల్లులు మామూలుగానే వస్తాయి.

డబ్బు ఎక్కడి నుంచి?

హాట్‌లైన్ బాగుపడాలంటే మొదట కావలసింది ఫోన్ తీసే మనుషులు. వాళ్ళకి జీతాలివ్వాలి కదా! 2021లో లైఫ్‌లైన్‌కి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చింది 2 కోట్ల 40 లక్షల డాలర్లు. 2022లో అది 43 కోట్ల 20 లక్షలకి పెరిగింది. ఫలితం వెంటనే కనిపించింది. సగటున రెండున్నర నిమిషాలు ఎదురు చూడాల్సిన చోట, నిమిషం లోపే ఎవరో ఒకరు పలకసాగారు. రెండేళ్ళలో, అంటే 2024 జూలై నాటికి, ఒక కోటికి పైగా ఫోన్లు, టెక్స్టులు, చాట్‌లు వచ్చాయి.

కానీ ఫెడరల్ గ్రాంటు ఏటేటా కాంగ్రెస్ దయ. అందుకే 2020 చట్టం రాష్ట్రాలకి ఒక వెసులుబాటు ఇచ్చింది. 911కి వేసినట్టే 988కి కూడా ఫోన్ బిల్లు మీద చిన్న రుసుము వేసుకోవచ్చు, ఆ డబ్బు ఆ పనికే వాడాలి. 2021లో వర్జీనియా అందరికన్నా ముందు వేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో నెలకి 40 సెంట్లు. కాలిఫోర్నియా 8 సెంట్లతో మొదలుపెట్టింది. కాలిఫోర్నియా చట్టానికి మైల్స్ హాల్ అనే 23 ఏళ్ళ యువకుడి పేరు పెట్టారు. అతను మానసిక సంక్షోభంలో ఉండగా 2019లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

చాలా రాష్ట్రాలు ఈ రుసుము ఇంకా వేయలేదు. బడ్జెట్ బాగున్న ఏడాది ఇస్తారు, బాగాలేని ఏడాది కోస్తారు. నా ఉద్దేశంలో విధానపరంగా చేయాల్సిన మొదటి పని ఇదే. నెలకి అర డాలరు కూడా కాని రుసుముతో ఈ సెంటర్లు స్థిరంగా నిలబడతాయి.

ఏరియా కోడ్ తెచ్చిన తంటా

మనవాళ్ళకి బాగా తగిలే చిక్కు ఇది. విద్యార్థి డాలస్‌లో దిగి అక్కడ సిమ్ తీసుకుంటాడు. చదువు అయ్యాక ఉద్యోగం న్యూజెర్సీలో, పెళ్ళయ్యాక కాపురం సియాటిల్‌లో. నంబరు మాత్రం అదే డాలస్‌ది. 988 మొదట్లో ఏరియా కోడ్ చూసి ఫోన్‌ని పంపేది. సియాటిల్‌లో ఏడుస్తున్న అమ్మాయి ఫోన్ టెక్సస్‌కి పోయేది. అక్కడి కౌన్సెలర్ ఎంత మంచివారైనా సియాటిల్‌లో ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో, ఎవరిని ఇంటికి పంపాలో వాళ్ళకేం తెలుస్తుంది?

2024 అక్టోబరులో ఎఫ్.సి.సి. దీన్ని సరిదిద్దింది. సెల్‌ఫోన్ కాల్స్‌ని ఏరియా కోడ్‌ని బట్టి కాక, ఫోన్ ఉన్న ప్రాంతాన్ని బట్టి పంపాలని కంపెనీలని ఆదేశించింది. పెద్ద కంపెనీలు ముందుగా, చిన్నవాటికి ఎక్కువ గడువు. టెక్స్టుల విషయంలో కూడా ఇలాంటి ఆదేశమే 2025లో వచ్చింది. ఇందులో ఒక సుళువుంది. కంపెనీ ఇచ్చేది సుమారు ప్రాంతం మాత్రమే, ఇంటి అడ్రసు కాదు. "నేనెక్కడున్నానో కనిపెట్టేస్తారు" అని భయపడి ఫోన్ చేయనివాళ్ళకి ఈ తేడా చెప్పాలి.

తెలుగులో మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు, కానీ దుబాసీ ద్వారా. 988కి ఫోన్ చేసి "తెలుగు" అని చెబితే, టెలిఫోన్ దుబాసీల సేవ నుంచి ఒకరిని లైన్‌లో కలుపుతారు. ఆ సేవలో 240కి పైగా భాషలున్నాయి. టెక్స్టు, చాట్ మాత్రం ఇంగ్లీషు, స్పానిష్ భాషలకే పరిమితం.

ఇక్కడే నాకు వెలితి కనిపిస్తుంది. మనవడిని చూసుకోవడానికి వచ్చి నాలుగు గోడల మధ్య ఉండిపోయిన పెద్దావిడ, ఇంగ్లీషు గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తుంది. దుబాసీ వచ్చేదాకా ఆగదు. "మనసేం బాగోలేదమ్మా, ఎందుకొచ్చిన బతుకు" అంటే అది విసుగా, నిజంగా ప్రమాదమా అన్నది మాటని బట్టి కాదు, గొంతుని బట్టి తెలుస్తుంది. ఆ తేడా పట్టగలిగేది తెలుగు కౌన్సెలరే.

స్పానిష్ వాళ్ళకి టెక్స్టు, చాట్ 2023 జూలైలో వచ్చాయి. బధిరులకి సంజ్ఞాభాషలో వీడియో సేవ అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. అడిగితే వస్తాయి. అలాగే ఇచ్చినవి పోనూ పోతాయి. ఎల్.జి.బి.టి.క్యూ. యువతకి 3 నొక్కితే దొరికే ప్రత్యేక సేవని 2025 జూలైలో ఆపేశారు. తెలుగువారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల సెంటర్లలో తెలుగు కౌన్సెలర్లని తీసుకోవాలనీ, ఏ భాషకి ఎన్నిసార్లు దుబాసీని పిలిచారో లెక్క ప్రకటించాలనీ మనం అడగాలి. లెక్క లేనిదే అవసరం కనపడదు.

మనిషి రావాలంటే ఎవరు రావాలి?

మాటలతో సరిపోనప్పుడు ఇంటికి ఎవరో రావాలి. వచ్చేది తుపాకీ ఉన్న పోలీసా, నర్సూ కౌన్సెలరూ ఉన్న బృందమా అన్నది మీరుండే కౌంటీని బట్టి ఉంటుంది. ఒరెగాన్‌లోని యూజీన్ ఊళ్ళో 1989 నుంచి నిరాయుధ బృందాలు ఈ పని చేసేవి. దేశమంతా వాళ్ళని ఆదర్శంగా చూపించేవారు. డబ్బు చాలక 2025 ఏప్రిల్‌లో ఆ ఊళ్ళో సేవ ఆగిపోయింది. 2021 ఫెడరల్ చట్టం మొబైల్ బృందాల మెడికెయిడ్ ఖర్చులో నూటికి 85 వంతులు ఇస్తానంది, కానీ మూడేళ్ళకే. ప్రయోగంగా మొదలైన మంచి పని పద్దు లేక ఆగిపోకుండా చూడటం ప్రభుత్వాల బాధ్యత.

ఇండియాలో అమ్మానాన్నలకి

988 ఇండియా నుంచి కలవదు. గుంటూరులో ఉన్న తండ్రికి డెన్వర్‌లోని కొడుకు మాట తీరు అనుమానంగా ఉంటే ఏం చేయాలి? కొడుకుకి దగ్గరలో ఉన్న స్నేహితుడి ఫోన్ నంబరు ముందే రాసి పెట్టుకోండి. ఆ స్నేహితుడు కొడుకు తరఫున 988కి ఫోన్ చేసి సలహా అడగవచ్చు. ప్రాణం మీదికొచ్చిన సమయమైతే ఆ ఊరి పోలీసు శాఖ పూర్తి నంబరు కావాలి. ఎందుకంటే 911 కూడా అక్కడి నుంచి కలవదు. ఇండియాలోనే ఉన్నవాళ్ళకి 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఉంది. నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మనం చేయగలిగినవి

1. 988ని ఫోన్‌లో ఈ రోజే సేవ్ చేసుకోండి. కొత్తగా వచ్చిన విద్యార్థులకి 911తో పాటు ఇది కూడా చెప్పండి.
2. మీ రాష్ట్రంలో 988 రుసుము ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే మీ శాసనసభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. ఉత్తరం రాయడానికి పౌరసత్వం అక్కరలేదు. ఫోన్ బిల్లు కడుతున్నవాళ్ళమే కదా!
3. సంఘాలు దగ్గరలోని క్రైసిస్ సెంటరుని ఉగాది, దసరా వేడుకలకి పిలిచి ఒక బల్ల ఇవ్వాలి. తెలుగు వచ్చినవాళ్ళు అక్కడ వాలంటీర్లుగా, ఉద్యోగులుగా చేరవచ్చు.
4. ఎవరైనా కుంగిపోయి కనిపిస్తే సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అడగనందువల్ల ఒంటరితనం పెరుగుతుంది.

మీ ఊరి సెంటరులో తెలుగు మాట్లాడే కౌన్సెలర్ ఉన్నారని తెలిస్తే మాకు రాయండి. రాష్ట్రాల వారీగా జాబితా తయారు చేస్తున్నాం. పూర్తవగానే ఇక్కడే ప్రచురిస్తాం.