గుండంలో మృగం, కట్టమీద మనిషి

లాక్ నెస్ పేరు చెప్పగానే నీళ్లలోంచి పొడవాటి మెడ పైకెత్తిన జంతువు బొమ్మ చాలామందికి కళ్లముందు మెదులుతుంది. ఉత్తర స్కాట్లాండ్‌లో దాదాపు 37 కిలోమీటర్ల పొడవున, దాదాపు 230 మీటర్ల లోతుతో ఉన్న సరస్సది. ఇంగ్లండ్, వేల్స్ సరస్సుల నీళ్లన్నీ ఒకచోట పోసినా దానికి సాటిరావు. అంతటి సరస్సుకు దక్కింది ఒక మృగం కథ. నల్లమలకు ఇటూ అటూ ఉన్న మన సీమలోనూ పేరుమోసిన నీళ్లకు కథలున్నాయి. నంద్యాల పక్కన మహానంది గుండాలు, ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో రక్తకుండం, కొండ దాటితే కంభం చెరువు, ఆగ్నేయంగా వెళ్తే పోరుమామిళ్ల చెరువు. ఈ కథలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరస కనిపిస్తుంది. మనిషి చెయ్యి పడకుండా పుట్టిన నీటికి జనం జంతువును చెప్పుకున్నారు. మనిషి కట్టిన నీటికి మనిషినే, అందులోనూ ఆడమనిషిని, నిలబెట్టారు. ఇది కాకతాళీయం కాదనే నా వాదన. నీళ్ల దగ్గర జనం దేనికి భయపడ్డారో, ఎవరి మీద భారం వేశారో ఈ తేడాయే చెబుతుంది.

ముందుగా ఎవరూ తవ్వని నీళ్ల సంగతి. లాక్ నెస్ ఉన్న లోయ భూమి పొరల్లోని ఒక పెద్ద చీలిక వెంబడి ఏర్పడింది. మంచుయుగంలో హిమానీనదాలు దాన్ని ఇంకా లోతుగా కోసేశాయి. మనిషి అక్కడికి చేరేసరికే ఆ నల్లటి నీరు అంత లోతున ఉంది. 6వ శతాబ్దంలో కొలంబా అనే సాధువు నెస్ నదిలో మనిషి మీదికి వస్తున్న ఒక నీటిమృగాన్ని మాటతోనే వెనక్కి తరిమాడని, ఆ తరవాత సుమారు వందేళ్లకు అడమ్నాన్ రాసిన ఆయన జీవితచరిత్రలో ఉంది. స్కాట్లాండ్ జానపదుల్లో నీటిగుర్రం కథలు కూడా ఉన్నాయి. ఒడ్డున సాధుజంతువులా నిలబడి, వీపెక్కిన పిల్లల్ని నీళ్లలోకి లాక్కుపోతుందట ఆ గుర్రం. ఇప్పుడు మహానందికి వద్దాం. అక్కడ లింగం కింది నుంచి ఊట ఉబికి, ఏడాది పొడుగునా గుండాలు నింపి, బయటికి పారి అరటితోటలకూ వరిమళ్లకూ చేరుతుంది. పుట్టమీద పాలు కురిపిస్తున్న ఆవు మనుషుల అలికిడికి బెదిరి పుట్టను తొక్కిందని, అందుకే లింగం పైభాగం గుండ్రంగా కాక నొక్కుకుపోయి గిట్ట ముద్రతో ఉందని స్థలపురాణం. ఆళ్లగడ్డ వైపు ఎగువ అహోబిలంలో భవనాశిని జాలువారేచోట, జ్వాలా నరసింహుడి సన్నిధిలో రక్తకుండం ఉంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన చేతుల్ని స్వామి అక్కడ కడుక్కున్నాడని చెబుతారు. ఒకచోట ఆవు, మరోచోట సింహం తల దేవుడు, ఇంకోచోట గుర్రం. మన జంతువులు పూజలందుకున్నాయి, వాళ్లది భయపెట్టింది. తేడా పెద్దదే. ఊట సన్నగా పారి పంటకు చేరే నేలలో నీరు వరం. 230 మీటర్ల లోతున చల్లగా, చీకటిగా ఉన్న నీటిలో దిగినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. కానీ రెండుచోట్లా జనం ఒప్పుకున్నది ఒకటే, ఈ నీరు మన చేతిలోది కాదని.

చెరువు దగ్గరికి వచ్చేసరికి కథ పూర్తిగా మారిపోతుంది. నంద్యాల నుంచి గిద్దలూరు మీదుగా నల్లమల దాటితే వచ్చే కంభం, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. అక్కడ గుండ్లకమ్మ నది రెండు కొండల సందులోంచి బయటపడేచోట అడ్డంగా కట్ట వేశారు. ఇంపీరియల్ గెజిటీర్ లెక్కలో కట్ట ఎత్తు 57 అడుగులు, నీరు పరుచుకునే మేర సుమారు 15 చదరపు మైళ్లు. దాన్ని ఎవరు కట్టించారంటే జనం చెప్పే పేరు ఒక రాణిది. కళింగ యుద్ధం తరవాత శ్రీకృష్ణదేవరాయలు పెళ్లాడిన గజపతి రాజకుమార్తె అని పరంపర. ఆమెకు పేర్లు ఎన్నో. కంభంలో వరదరాజమ్మ, రుచిదేవి అంటారు. మిగతాచోట్ల తుక్కాంబ, జగన్మోహిని, అన్నపూర్ణ అని వినిపిస్తుంది. భర్త ఆదరణ లేక ఆమె కంభంలోనే గడిపిందని, 'తుక్కా పంచకం' అనే ఐదు సంస్కృత శ్లోకాలు ఆమె గోడేనని మరో గాథ. ఒకే మనిషికి ఇన్ని పేర్లు ఉండటమే ఇది పత్రాల్లోంచి పుట్టిన చరిత్ర కాదని చెబుతోంది. అయినా జనానికి ఆ కట్ట వెనక ఒక మనిషి కావలసి వచ్చింది. ఇక అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు కథ ఇంకా కఠినమైనది. చెరువుకు గండి పడింది. బసిరెడ్డి కోడలు ముసలమ్మ బలి కావాలని గ్రామదేవత పలికిందంటారు. ఆమె తనంత తానుగా గండిలోకి నడిచిందంటారు. ఆ కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం'గా దాన్ని కావ్యం చేశారు. ఆ చెరువు నీళ్లలో మృగం ఏదీ లేదు. అంత జలరాశి పక్కన బతికినవాళ్లు నీళ్లలో ఏముందో ఊహించుకోలేదు. వాళ్ల భయమంతా కట్ట మీదే. నల్లరేగడి సీమలో ఒక్క రాత్రి గండి పడితే ఆయకట్టు మునుగుతుంది, ఆ మరుసటి ఏడు ఎండుతుంది. దానికి జవాబు చెప్పవలసింది మనిషే.

లాక్ నెస్ మృగాన్ని పట్టుకుని జానపద కథల గురించి వాదించడమేమిటి, అది పత్రికలు పెంచిన పుకారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 1933లో సరస్సు ఉత్తరపు ఒడ్డున కొత్త రోడ్డు పడ్డాక, ఇన్వర్నెస్ పత్రికలో ఒక వార్త వచ్చాకే దానికి ఇంత ప్రచారం. 1934 నాటి ప్రసిద్ధ ఫొటో బొమ్మతో చేసిన మోసమని 1994లో బయటపడింది. నీటిలోని జీవకణాల ఆనవాళ్లు వెదికిన శాస్త్రవేత్తలకు 2019 నాటికి పాములాంటి ఈల్ చేపల జాడ బాగా కనిపించింది. కానీ ఆ పుకారు అంత త్వరగా నాటుకోవడానికి నేల ముందే సిద్ధంగా ఉంది. కొలంబా కథకూ నీటిగుర్రానికీ పత్రికలతో పనిలేదు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటుంది. లాక్ నెస్ పేరు గురించే అక్కడో పాత కథ ఉంది. లోయలో ఒక మహిమగల బావి. వాడాక మూత పెట్టితీరాలని నియమం. ఒకామె నీళ్లు తోడుతుండగా ఇంట్లో బిడ్డ ఏడుపు వినిపించి మూత పెట్టకుండా పరుగెత్తింది. బావి పొంగి లోయంతా మునిగింది. కొండెక్కి ప్రాణాలు దక్కించుకున్న జనం తమ గేలిక్ భాషలో ఇప్పుడక్కడ సరస్సుందని అరిచారట, ఆ అరుపులోని మాటే పేరుగా నిలిచిందట. పేరు నిజానికి నది నుంచి వచ్చిందే. సహజమైన సరస్సుకు మనిషి కథ ఎందుకొచ్చిందన్నదే ప్రశ్న. ఆ కథలో మనిషి ఎక్కడ అడుగుపెట్టిందో చూస్తే సరిపోతుంది. బావికి మూత ఉంది, మూతకు నియమం ఉంది. మనిషి చేతిపని కథలోకి రాగానే మనిషి తప్పూ దానివెంటే వచ్చింది. ముసలమ్మ కథకూ దీనికీ ఉన్న పోలిక అక్కడే. రెండుచోట్లా భారం పడింది ఇంటి ఆడదాని మీద.

మరో ఆక్షేపణ మన ఊళ్లోంచే వస్తుంది. నంద్యాల మాగాణికి నీళ్లిచ్చే కె.సి. కాలువ మనిషి తవ్విందే కదా, దానికి ఏ రాణి కథా, ఏ బలి కథా ఎందుకు లేవు? 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, పడవలకూ పంటకూ కలిపి దాన్ని తవ్వింది. గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వానికి అప్పగించింది. ఎవరు కట్టారు, ఎవరు బాగుచేయాలి, ఎవరిని నిలదీయాలి అన్నది మొదటి నుంచీ కాగితం మీదే ఉంది. అంత తెలిసినచోట కథకు పని తక్కువ. పోరుమామిళ్ల చెరువు ఈ మాటను ఇంకా బాగా నిరూపిస్తుంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో కట్టించిన అనంతరాజసాగరం అది. శాసనం సంస్కృతంలో ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు అందులో చెప్పారు. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీయటి నీటి నది, దగ్గర్లో రాయి దొరికే చోటు, పని తెలిసిన కూలిజనం అందులోవే. తరవాత ఆరు దోషాలు చెప్పారు. కట్ట నీరు కారడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ తాబేటి వీపులా ఎత్తు, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం. రోజూ వెయ్యిమంది, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా ఉంది. చెరువు ఎందుకు చెడుతుందో శాసనమే చెప్పింది, అదీ దేవత కోపం ప్రసక్తి లేకుండా. ముసలమ్మ కథ చెప్పుకున్న జనం, ఈ దోషాలు రాసిన పండితుడు భయపడింది మాత్రం ఒకదానికే, కట్టకు.

ఇన్ని చెప్పాక, ఈ కథల్లో దాగిన అన్యాయాన్ని వదిలేస్తే అది మరో అన్యాయం. గండికి కారణం మట్టి సరిగ్గా దిమ్మిస చేయకపోవడమో, అదనపు నీరు పోయే మరవ ఇరుకుగా కట్టడమో అయ్యుంటుంది. మూల్యం చెల్లించింది కోడలు. ఆ త్యాగాన్ని పొగిడే కొద్దీ, ఆమెను గండి దాకా నడిపించినవాళ్ల మీద చూపు పోదు. ఈ విమర్శకు నా దగ్గర ఎదురుమాట లేదు. ఒక్కటి మాత్రం చేర్చాలి. పోరుమామిళ్ల శాసనం వెయ్యిమందిని లెక్కపెట్టింది, వాళ్ల పేర్లు మాత్రం చెప్పలేదు. రాజు పేరు, బిరుదులు, వంశం మిగిలాయి. ముసలమ్మ పేరు ఏ రాజూ చెక్కించకుండానే ఇన్ని తరాలు నిలిచింది. అందుకే చెరువు చరిత్ర రాసేవాళ్లు శాసనంతో ఆగిపోకూడదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడాలుగా గుర్తించినవాటిలో కె.సి. కాలువ, కంభం చెరువు, పోరుమామిళ్ల చెరువు మూడూ ఉన్నాయి. అలాంటి గుర్తింపుకు ఎత్తు, పొడవు, ఏడాది, ఆయకట్టు లెక్కలు కావాలి. వాటి పక్కనే వరదరాజమ్మకు ఉన్న పేర్లన్నీ, ఏ ఊళ్లో ఏ పేరో విడివిడిగా, రాసి పెట్టాలి. తూములు ఎత్తి దించిన నీరుగంటి కుటుంబాలు చెప్పే మాటలు, చెరువు బాగుకోసం దశబంధం మాన్యాలు ఎవరికి ఇచ్చారో ఆ వివరాలు కూడా చేర్చాలి. కంభంలో, పోరుమామిళ్లలో ఆ కట్టల కింద సేద్యం చేసిన పెద్దల దగ్గర ఇవి ఇంకా దొరికే కాలం ఇదే.