కొండ ఎవరిది?

వెస్ట్ వర్జీనియా మీదుగా ఎప్పుడైనా కార్లో వెళ్ళారా? హైవే మీంచి చూస్తే కొండలన్నీ పచ్చగా, నిండుగా కనిపిస్తాయి. శాటిలైట్ మ్యాపులో అదే చోటు చూసి నాకు మతిపోయింది. పచ్చదనం మధ్యలో పెద్ద పెద్ద బూడిదరంగు మచ్చలు. అవన్నీ ఒకప్పుడు కొండ శిఖరాలు!

మన సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో గొయ్యి తవ్వితే పక్కన మట్టిగుట్ట లేస్తుంది. ఈ అపలాచియా కొండల్లో వ్యవహారం తిరగేసి ఉంటుంది. కొండ నెత్తిని పేల్చేసి బొగ్గు తీసుకుని, ఆ రాళ్ళూ మట్టీ పక్క లోయలోకి తోసేస్తారు. ఇలా దాదాపు 2,000 మైళ్ళ వాగులు పూడిపోయాయని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క.

మరి అక్కడి జనం ఊరుకున్నారా? ఊరుకోలేదు. కానీ వాళ్ళ చేతులు కట్టేసింది తాతల నాటి సంతకాలే. 19వ శతాబ్దం చివర్నుంచీ బొగ్గు ఏజెంట్లు ఊరూరా తిరిగి 'బ్రాడ్ ఫారమ్' దస్తావేజులు రాయించుకున్నారు. పైన నేల మీది, కింద బొగ్గు మాది, తియ్యడానికి ఏం చేసినా మీరు అడగకూడదు... స్థూలంగా ఇదీ వాటి సారాంశం. సంతకం పెట్టినవాళ్ళు బుల్డోజర్ అనేదొకటి వస్తుందని కలలో కూడా అనుకుని ఉండరు.

1965లో కెంటకీలోని నాట్ కౌంటీలో ఓలీ కోంబ్స్ అనే అరవై దాటిన వితంతువు బుల్డోజర్‌కి అడ్డంపడింది. పోలీసులు ఆవిణ్ణి ఎత్తి మోసుకెళ్ళిన ఫోటో పేపర్లో వచ్చింది. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ భోజనం ఆవిడకి జైల్లోనే. చివరికి కెంటకీ ఓటర్లు రాజ్యాంగ సవరణతో ఆ దస్తావేజుల కోరలు పీకింది 1988లో. అంటే 23 ఏళ్ళకి!

ఈలోగా 1977లో కేంద్ర చట్టం వచ్చింది. తవ్విన కొండని ఇంచుమించు పాత ఆకారానికి తేవాలన్నారు. శిఖరం మొత్తం తీసేసి, ఆ చదును నేలని వ్యాపారానికో ఇళ్ళకో వాడతామంటే మాత్రం మినహాయింపు! మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, రీస్టోర్ చెయ్యాలని రూలు పెట్టి, బ్యాకప్ లేని డిలీట్‌కి పర్మిషన్ ఇచ్చారన్నమాట.

పోరాడినవాళ్ళు బయటివాళ్ళు కారు. 2003లో గోల్డ్‌మన్ బహుమతి అందుకున్న జూడీ బాండ్స్ గని కార్మికుడి కూతురు. బొగ్గు వద్దంటే ఇరుగుపొరుగు అన్నం వద్దన్నట్టే కదా, అందుకే సొంత ఊళ్ళోనే శత్రుత్వాలు. నిజానికి ఆ అన్నం యంత్రాలు ఎప్పుడో లాక్కున్నాయి. 1950 ప్రాంతంలో వెస్ట్ వర్జీనియాలో లక్షకి పైగా ఉన్న గని ఉద్యోగాలు 2000 నాటికి 20 వేల లోపే.

కేఫోర్డ్ కొండ మీద లారీ గిబ్సన్‌ది ఇంకో దారి. కాగితంతో పోయిన కొండని కాగితంతోనే కాపాడాడు. తన వాళ్ళకి మిగిలిన 50 ఎకరాలనీ 1992లో ట్రస్టు కింద పెట్టించాడు, ఇక ఎవరూ అమ్మడానికి లేకుండా. 2012లో పోయేదాకా, వచ్చినవాళ్ళందర్నీ అంచుదాకా తీసుకెళ్ళి కింద జరుగుతున్నది చూపించాడు.

ఇప్పుడీ తరహా తవ్వకం బాగా తగ్గింది. అదంతా ఉద్యమం గొప్పే అనలేను, చవక గ్యాసు పాత్ర పెద్దది. కానీ ఒక్క సంగతి చెప్పాలి. ఒకప్పుడు చుట్టూ ఉన్న కొండల్లో గిబ్సన్ వాళ్ళదే పొట్టిది. ఇప్పుడక్కడ అన్నిటికన్నా ఎత్తు అదే. అదేమీ పెరగలేదు మరి!